అమ్మ వడగట్టిన కషాయం

హర్ష నోరులేనివాడేం కాదు. నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపేవాడికి నోరు లేకపోతే ఎలా? కాకపోతే వాళ్ళమ్మ అనసూయమ్మ ముందు మాత్రం ఆ నోరు పెగలదు.

అతని భార్య జాహ్నవి పెళ్ళికి ముందు బెంగళూరులో బీరు తయారుచేసే చోట పనిచేసేది. కాపురానికొచ్చాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు పాత స్నేహితురాలొకామె సొంతంగా అలాంటిదే పెడుతూ, "నువ్వు చేసింది రుచి చూపించు. బాగుంటే నెలకో వారం వచ్చి చూసుకుందువుగాని" అంది. జాహ్నవి ప్రాణం లేచొచ్చింది. మేడమీద గదిలో పెద్ద గాజు జాడీలో బీరు పులియబెట్టింది. అత్తగారికి చెబుతానంటే హర్షే ఆపాడు. సమయం చూసి తనే చెబుతానన్నాడు. ఆ సమయం రాలేదు.

సీసాల్లో పట్టాల్సిన రోజుకు ముందురోజు జాహ్నవి నడికుడిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. జాడీలో పైన హాప్స్ అనే చేదు పూల తునకలు ఆకుపచ్చగా తేలుతున్నాయి.

"వాటిని ముట్టుకోబాక. జాడీని మెల్లగా ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టు. చల్లబడితే అవే అడుక్కి దిగుతాయి. నేనొచ్చి గొట్టంతో సీసాల్లోకి దించుతా. గాలి తగిలిందా, వాసనంతా పోద్ది" అని చెప్పి మరీ వెళ్ళింది.

హర్ష జాడీ ఎత్తబోతుంటే, ఆరేసిన బట్టల కోసం మేడెక్కిన అనసూయమ్మ గదిలోకి తొంగిచూసింది.

"ఏందిరా ఇది? నాచు పట్టింది."

"జాహ్నవి చేసిన కషాయమమ్మా. ఒంటికి మంచిదంట."

"కషాయమైతే వడగట్టొద్దూ? ఆ పిల్లకు చానా పనులు. ఉండు, నే చూస్తా."

కిందికెళ్ళి పల్చటి ఉతికిన గుడ్డ, గంగాళం తెచ్చింది. "ఆ కొస పట్టుకో" అంది. అమ్మా, ఆగు, అది బీరు. అంతే అనాలి. అతను కొస పట్టుకున్నాడు. బీరు నురగలు కక్కుతూ గుడ్డలోంచి గంగాళంలోకి దూకింది. అనసూయమ్మ గుడ్డ పిండి మరీ, అంతా మళ్ళీ జాడీలో పోసింది. ఒక్క తునక లేదు.

సాయంత్రం జాహ్నవి జాడీ ముందు నిలబడిపోయింది.

"నేను కొట్లో ఉన్నప్పుడు అమ్మ వడగట్టేసింది" అన్నాడు హర్ష. ఈ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

మళ్ళీ చేద్దామంటే స్నేహితురాలు పెట్టిన గడువు దగ్గరకొచ్చింది. ఏమో, బాగుంటుందేమో అనుకుంటూ ఆమె సీసాల్లో పోసి మూతలు బిగించింది. కొన్నాళ్ళకు సీసాల్లో గ్యాసు పట్టాక ఒకటి తీసి తాగింది. పూల వాసన జాడే లేదు. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. బెంగళూరుకు ఫోన్ చేసి, ఇంకెవరినైనా చూసుకోమంది. హర్ష నిజం చెప్పేయాలనుకున్నాడు. భోంచేశాక చెబుదామనుకున్నాడు.

భోజనాల దగ్గర అనసూయమ్మ అడిగింది. "ఏమే, నీ కషాయం ఎట్టా కుదిరింది?"

"అది కషాయం కాదత్తయ్యా, బీరు. బెంగళూరులో పని కోసం చేశా. పాడైపోయింది."

అనసూయమ్మ కోప్పడలేదు. చేతిలోని పెరుగు గిన్నె కింద పెట్టింది.

"నీ పనే అది గదా. ముందే చెబితే నేను ముట్టుకునేదాన్నా తల్లీ?" అని కొడుకు వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పొద్దంట్రా? పక్కనే నిలబడి గుడ్డ కూడా పట్టావే."

జాహ్నవి ముద్ద కలపడం ఆపింది.

"కొట్లో ఉన్నానన్నావు" అంది.

బీరు పోయినందుకు ఆమె ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది.