మందు డబ్బాలో చక్కెర

నాకు కోపం ఎక్కువ అంటారు. అననివ్వండి. ఇరవై ఏళ్లు నర్సుగా చేశాను. ఆ కోపమే లేకపోతే వార్డులో ఒక్కరూ వేళకు మాత్ర మింగరు. అయితే ఇన్నేళ్ల సర్వీసులో నా ఒళ్లు అందరికంటే ఎక్కువ మండించింది మనిషి కాదు, చక్కెర. అదీ అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బాడు చక్కెర.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఎస్తేరు గురించి చెప్పాలి. ఎస్తేరుది ఆత్మకూరు. వాళ్ల నాన్న యేసయ్యకు షుగరు జబ్బు. కాలికి పడిన పుండు నెలల తరబడి మానక, చివరికి మోకాలి కింద తీసేశారు. ఆ వార్డులో అప్పుడు నర్సును నేనే. స్కూలు బట్టల్లోనే మంచం పక్కన కూర్చుని, "అక్కా, ఈ పుండు మాననీకి మందు లేదా?" అని రోజూ నా ప్రాణం తీసేది ఆ పిల్ల. "ఉంటే పెట్టనా?" అని నేను కసిరేదాన్ని.

ఆ పిల్లే ఫార్మసీ చదివింది, పరిశోధన చేసింది, హైదరాబాదులో ఒక కంపెనీ పెట్టి షుగరు పుండ్ల మీద పూసే జెల్ తయారుచేసింది. కంపెనీ అంటే అద్దాల మేడ ఊహించుకోకండి. నలుగురు మనుషులు, ఒక ల్యాబు గది, సగం అద్దె యంత్రాలు.

మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని రోగి దాకా తేవడం ఒక ఎత్తు అని నాకు ఎస్తేరును చూశాకే తెలిసింది. ల్యాబులో పరీక్షలు, తర్వాత జంతువుల మీద పరీక్షలు, తర్వాత అనుమతుల కోసం తిరుగుళ్లు. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు అక్కడికే అయిపోయింది. అప్పుడు పెట్టుబడి పెట్టేవాళ్లు దొరికారు. వాళ్లు డబ్బంతా ఒక్కసారి చేతిలో పెట్టరు. మొదటి విడత ఇచ్చి, ఇంతవరకు చేసి చూపించు, ఆ తర్వాతే రెండోది అంటారు. చూపించాల్సింది ఏమిటంటే, ముప్పై మంది రోగుల మీద మూడు నెలల పరీక్ష. అందులో కనీసం ఇరవై ఐదు మంది మందును సరిగ్గా వాడినట్టు రుజువు ఉండాలి. ఆ లెక్క తప్పితే రెండో విడత రాదు. అది రాకపోతే కంపెనీ మూత, ఆ మందూ మూత.

వనపర్తిలో ఒక ఆస్పత్రి ఆ పరీక్షకు ఒప్పుకుంది. రోగులను కనిపెట్టుకుని ఉండడానికి ఎస్తేరు నన్ను అడిగింది.

"తస్లీమక్కా, నీ కోపం నాకు గావాలె" అంది. అట్లా అడిగితే ఎవరు కాదంటారు?

పని పద్ధతి సులువే. నెలకొక డబ్బా. సగం డబ్బాల్లో అసలు మందు, సగంలో మందు లేని ఉత్త జెల్. ఎవరిది ఏదో రోగులకూ తెలియదు, నాకూ తెలియదు, ఎస్తేరుకూ తెలియదు. నెల తిరిగేసరికి పాత డబ్బా వాపసు ఇవ్వాలి. దాన్ని తూకం వేస్తే ఎంత వాడారో తెలిసిపోతుంది. ఐదింట నాలుగు వంతులు వాడితే ఆ మనిషి లెక్కలోకి వచ్చినట్టు. మొదటి రెండు నెలలూ అందరూ ఆస్పత్రికే వచ్చి డబ్బాలు ఇచ్చిపోయారు. ఒక్క గ్రాము తేడా లేకుండా రాసుకున్నాను.

మూడో నెలలో మిరప కోతలు, పల్లీ పీకుడు వచ్చిపడ్డాయి. ఇరవై ఒక్క మంది వచ్చారు, వాళ్లందరి లెక్కా సరిపోయింది. తొమ్మిది మంది రాలేదు. "ఎందుకు పరేషాన్ అయితవు, నేనే ఇంటింటికి పోయి తెస్త" అని ఎస్తేరుకు మాటిచ్చాను. రెండు రోజులు బస్సుల్లో, ఆటోల్లో తిరిగాను. ప్రతి ఇంట్లో చాయ్ తాగాను, మంచీ చెడూ మాట్లాడాను. మూత తెరవకుండా సంచిలో వేసి సీలు వేయాలని రూలు. అట్లాగే వేశాను. డబ్బాలు బరువుగా అనిపించలేదా అంటారేమో. అనిపించాయి. మందు వాడకుండా మిగిల్చారని మనసులో వాళ్లను తిట్టుకున్నాను, అంతే.

ఆ సంచి తెరిచే రోజున పెట్టుబడిదారుల తరఫున స్టీఫెన్ అనే ఆయన హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇలాంటి పరీక్షలను తనిఖీ చేయడమే ఆయన ఉద్యోగం. నవ్వడు, కసరడు, అన్నీ చూసి రాసుకుంటాడు. మొదటి డబ్బాను త్రాసు మీద పెట్టాడు. రోగికి ఇచ్చినప్పుడు దాని బరువు డెబ్బై ఐదు గ్రాములు. ఇప్పుడు డెబ్బై ఏడు.

"వాడితే తగ్గాలి కదండీ" అన్నాడు స్టీఫెన్.

మూత తీశాడు. నిండా చక్కెర. రెండోదాంట్లో వేయించిన పల్లీలు. మూడోదాంట్లో బియ్యం. ఒకదాంట్లో బెల్లం ముక్కను విరిచి, కుక్కి మరీ పెట్టారు. తొమ్మిదిలో ఏడు ఇట్లానే ఉన్నాయి. మిగతా రెండింటిలో మాత్రం సగానికి పైగా జెల్ అట్లాగే ఉంది. అంటే వాళ్లు సరిగ్గా వాడలేదు, లెక్కలోకి రారు.

ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయాం. ఇంకా నాలుగు కావాలి. ఆ నాలుగూ రావాల్సిన డబ్బాల్లో తినుబండారాలు ఉన్నాయి. ఎస్తేరు ముఖం చూడలేకపోయాను. ఏడుస్తుందనుకుంటే, బల్ల మీద ఒలికిన పల్లీలను ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చక్కెర డబ్బా మీద ఉన్న నంబరు చూశాను. బడేబీ ఖాలాది. ఖాలా అంటే మాలో పిన్ని వరస.

"నడువుండ్రి, ఇప్పుడే పోయి అడుగుదాం" అన్నాను. స్టీఫెన్ కూడా లేచాడు. ముందుగా ఎవరికీ ఫోన్ చేయొద్దని మాత్రం చెప్పాడు.

బడేబీ ఖాలా ఇల్లు ఆత్మకూరులోనే, బస్టాండుకు దగ్గర. అరవై దాటిన మనిషి. మూడు నెలల కిందట కాలికి గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని నడిచేది. ఇప్పుడు చెప్పులేసుకుని ఎదురొచ్చింది. ఆ చెప్పులు చూసి సంతోషించాల్సింది పోయి నేను అరిచాను.

"ఖాలా, మందు డబ్బాల చక్కెర ఎందుకు పోసినవ్?"

"మరేం పొయ్యాలె బిడ్డా? ఇంటికొచ్చిన మనిషి చేతుల ఖాళీ డబ్బా పెడ్తరా?"

"మొన్నటి దాంక ఖాళీదే ఇస్తివి గద?"

"అప్పుడు నేనే దవాఖానకు తెచ్చిస్తి. అది దవాఖాన. ఇది ఇల్లు. నువ్వు ఇంటికొస్తివి, చాయ్ తాగితివి. ఉత్త డబ్బా ఎట్లిస్త?"

చుట్టుపక్కల ఎవరి ఇంటినుంచి గిన్నె వచ్చినా మా అమ్మ ఉత్తది తిరిగి పంపేది కాదు. నేనూ పంపను. హిందువుల ఇళ్లలోనైనా, ముస్లింల ఇళ్లలోనైనా, క్రైస్తవుల ఇళ్లలోనైనా ఇక్కడ అంతే. ఇంటికి పోయి, చాయ్ తాగి, ఆస్పత్రి డబ్బాను చుట్టపు ఇంటి గిన్నెను చేసింది నేనే. తప్పు నాదేనని తెలిసినా కోపం ఒక్కసారిగా దిగదు కదా.

"షుగరున్న మనిషివి, ఇంట్ల చక్కెరేంది?" అని దాని మీదకు మళ్లించాను.

"వచ్చేటోళ్లకు ఉండాల్నా వద్దా? నేనెట్లా తినేది లేదు, నువ్వన్న తింటవని పోసిన."

స్టీఫెన్ ముందుకు వచ్చి నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మిగిలిన మందు ఏం చేశారు?"

"మిగిల్తే గద సారూ. వేలు తిప్పి తిప్పి, తుడిచి తుడిచి పూసుకున్న. మందుంటే దాంట్ల చక్కెరెట్ల పోస్త? మందున్న డబ్బా ఖాళీదెట్లయితది?"

ఎస్తేరు చటుక్కున తలెత్తింది.

"సార్, మందు మిగిలిన రెండు డబ్బాలల్ల ఎవ్వరూ ఏం నింపలేదు. మందు అయిపోయినోళ్లే నింపినరు" అంది.

స్టీఫెన్ ఆ మాట రాసుకున్నాడు. "మాట బాగానే ఉంది మేడమ్. కానీ మందు పారబోసి నింపారేమో, మనకేం తెలుసు? ఇంకో ఇల్లు చూడాలి. ఎవరి ఇల్లన్నది నేను చెబుతాను."

వెళ్లేముందు బడేబీ ఖాలా ఆయన చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర. తనిఖీకి వచ్చినవాళ్లు ఏమీ తీసుకోకూడదని ఆయన, పొద్దున్నుంచి తిన్నట్టు లేదని ఆమె. ఆమె ముందు ఎవరు గెలుస్తారు? ఆయన కాగితంలో అది కూడా రాసుకుని డబ్బా తీసుకున్నాడు.

స్టీఫెన్ ఎంచిన ఇల్లు పెంటమ్మది. గద్వాల పోయే దారిలో, జూరాల డ్యాముకు ఇవతలి ఊరు. భర్తతో కూలికి తిరిగే మనిషి. బియ్యం నింపిన డబ్బా ఆమెదే. మేం వెళ్లేసరికి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. స్టీఫెన్ అదే ప్రశ్న అడిగాడు.

"మందా సారూ? నేను అబద్దమెందుకు చెప్త. రాయచూరు దిక్కు మిరప కోతకు పోతిమి. మందు ఇంట్లనే మర్సిపోయిన. పన్నెండు దినాలు పూయలె."

నేను స్టీఫెన్ వెనక నిలబడి కళ్లు పెద్దవి చేశాను. ఆమె నేరుగా నన్నే చూసింది.

"ఏందక్కా గట్ల జూస్తవు? ఉన్నది చెప్తున్న."

లోపలికి పోయి అటక మీది నుంచి ఒక గిన్నె తెచ్చింది. మీద ప్లేటు మూసి ఉంది. లోపల జెల్. "బియ్యం పోయాల్నని తీసి దీంట్ల పెట్టిన. పారబోయనీకి మనసొప్పలె. వేరేటోళ్లకు పూయొద్దని నువ్వే చెప్తివి. మొన్న ఇద్దామంటే నువ్వు ఆటో పోతదని ఉరికితివి."

మందున్న డబ్బాను ఎవరూ నింపరని ఇప్పుడే గదా చెప్పుకున్నాం. ఈ పెంటమ్మ మందును గిన్నెలోకి తీసి మరీ నింపింది. ఇక ఏ డబ్బాను నమ్ముతారు? కారు ఎక్కగానే అందుకున్నాను. ఒక్క ముక్క అబద్ధం చెప్తే ఏం పోయేది, మందు వాడాలనే బుద్ధి లేదు గానీ నిజం చెప్పే బుద్ధి మాత్రం ఉంది అని ఊరు దాటేదాకా తిడుతూనే ఉన్నాను. ఎస్తేరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

స్టీఫెన్ ముందు సీటులో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. తినడం అయ్యాక వెనక్కి తిరిగాడు.

"తస్లీమ్ గారూ, ఆవిడ మందంతా వాడానని చెప్పి ఉంటే నేను ఒక్క డబ్బాను కూడా నమ్మేవాణ్ణి కాదు. మీరు వెనకనుంచి కళ్లురిమినా ఉన్నమాటే చెప్పింది. మందు పారబోయడానికి ఆవిడకే మనసు రాలేదు. మిగతా ఇళ్లు కూడా చూద్దాం."

నేను కళ్లురిమింది ఆయనకు ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం సిగ్గుతో తల దించుకున్నాను.

మర్నాడు కొల్లాపూర్ దాకా తిరిగి మిగతా ఐదు ఇళ్లూ చూశాం. ఏ ఇంట్లోనూ గిన్నెలో మందు బయటపడలేదు. రోజూ మందు పూసి టిక్కు పెట్టే కార్డులు, వారం వారం ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసి పంపిన పుండ్ల ఫోటోలు, వాళ్లు చెప్పిన మాటలు, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. స్టీఫెన్ ఏదీ దాచకుండా రాశాడు. చక్కెర, పల్లీలు, బెల్లం, నేను ఇళ్లకు పోవడం, పెంటమ్మ గిన్నె, అన్నీ. పెంటమ్మను తీసేస్తే ఆరుగురు. ఇరవై ఒకటికి ఆరు కలిపితే ఇరవై ఏడు.

"చూసింది రాశాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వాళ్లిష్టం" అని హైదరాబాదు వెళ్లిపోయాడు.

మూడు వారాలు ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడ్డాం. ఎస్తేరుకు అన్నం సయించలేదు. వాళ్ల నాన్న యేసయ్య పెట్టుడు కాలితో, కర్ర పట్టుకుని రోజూ పోస్టాఫీసు దాకా పోయి వచ్చేవాడు. ఈ కాలంలో అలాంటి జవాబు పోస్టులో రాదని ఎంత చెప్పినా వినలేదు.

ఒక బుధవారం స్టీఫెన్ చెప్పాపెట్టకుండా వనపర్తి ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో బడేబీ ఖాలా స్టీలు డబ్బా. "ఇది ఇచ్చిపోదామని వచ్చాను. దారి మర్చిపోయాను, మీరూ రండి" అన్నాడు. ఆత్మకూరులో బస్టాండు పక్కన దారి మర్చిపోయే ఇల్లు ఎక్కడుంది? ఎస్తేరూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కారెక్కాం. దారి పొడుగునా ఆయన ఎండల గురించి మాత్రమే మాట్లాడాడు.

బడేబీ ఖాలా డబ్బా అందుకుని మూత తీసింది. నిండా బాదం పప్పు.

"మీకు మిఠాయి తేకూడదు కదమ్మా" అన్నాడు స్టీఫెన్.

ఆమె బాదములు పళ్లెంలో పోసుకుంది. అడుగున మడిచిన కాగితం ఒకటి ఉంది. "ఇదేంది? నాకు చదవరాదు" అని ఎస్తేరుకు ఇచ్చింది.

ఎస్తేరు విప్పి చదివింది. చదువుతూ చదువుతూ అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది. నేను కాగితం లాక్కున్నాను. రెండో విడత ఇస్తున్నారు. ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త జెల్ ఇచ్చారో ఆ లెక్క విప్పి చూశారట. అసలు మందు పూసుకున్నవాళ్ల పుండ్లు ఎక్కువగా, తొందరగా మానాయట. ఇక రెండు వందల మంది మీద పెద్ద పరీక్ష. అది కూడా వనపర్తి నుంచే మొదలు. ఎస్తేరు నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియడం లేదు.

"ఏముంది బిడ్డా దాంట్ల?" అంది ఖాలా.

"మందు, ఖాలా. ఇంక రెండు వందల మందికి" అంది ఎస్తేరు.

నాకు సంతోషం వచ్చినా కోపంగానే వస్తుంది. స్టీఫెన్ మీద పడ్డాను. "మూడు వారాల సంది మాకు నిద్ర లేదు సారూ. ఖాలా డబ్బా అన్న ముందుగల పంపిస్తే, మమ్మల్ని మర్సిపోలేదని అనుకుంటుంటిమి గద?"

"పంపిద్దామనే అనుకున్నాను" అన్నాడాయన. "ఖాళీ డబ్బా ఎలా పంపమంటారు?"

బడేబీ ఖాలా ఆ మాట వింటూనే డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఈసారి దాంట్లో ఏం పెట్టి ఇస్తుందోనని మేం ముగ్గురం వాకిట్లోనే ఆగిపోయాం.