గోత్రం అడగని సంబంధం

పెనుగొండ మార్కెట్ వీధిలో ఎవరింట పెళ్లి మాట లేచినా, ముందు రాజరాజేశ్వరి ఇంటి గడప తొక్కాల్సిందే. ఏ ఇంటి పేరుకి ఏ గోత్రమో, ఎవరి మేనత్త ఎవరింటి కోడలో ఆవిడకి నోటికి వచ్చు. గోత్రం అడగందే కాఫీ కూడా కలపదని ఆవిడ మీద ఒక మాట ఉంది. అది అబద్ధం. కలుపుతూనే అడుగుతుంది.

ఆ ఇంట్లోనే బంగారి అనే లాబ్రడార్ కుక్క ఉంది. వయసు మూడున్నరేళ్లు, అప్పుడే నాలుగో కాన్పు. మగడు ప్రతిసారీ ఒక్కడే, ధవళేశ్వరంలో జానకిరామ్‌గారింట్లో పెరుగుతున్న రాజా. మొదటిసారి బంగారిని అక్కడికి కారులో పంపుతున్నప్పుడు పక్కింటి వీరవేణి గోడ మీంచి, "గోత్రాలు చూశారా పిన్నిగారూ?" అని వేళాకోళం చేసింది. "కుక్కలకి గోత్రాలేంటే నీ మొహం," అని రాజరాజేశ్వరి కూడా నవ్వేసింది.

పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆ దంపతుల మధ్య ఒక ఒప్పందం కుదిరిపోయింది. ఇల్లు ఆవిడది, షాపు ఆయనది. ఆయన గున్నేశ్వరరావు, చేపల చెరువులకి మేత, మందులు అమ్ముతాడు. ఆవిడ పెళ్లిచూపుల్లో ఆయన నోరెత్తడు. ఆయన షాపు సంగతుల్లో ఆవిడ తల దూర్చదు. కాకపోతే బంగారి పిల్లల్ని ఆయన మంచి ఖాతాదారులకి మర్యాదగా ఇచ్చుకోవడం మొదలుపెట్టాక, కుక్క కూడా మెల్లిగా షాపులోకి జమ అయిపోయింది. దానికి అన్నం పెట్టడం, బాలింత పథ్యం చూడటం ఆవిడ పని. పిల్లలు ఎప్పుడు ఎవరింటికి వెళ్లాలో చెప్పడం ఆయన పని.

ఆ శ్రావణ గురువారం పొద్దున రాజరాజేశ్వరి వరండాలో అట్టపెట్టె ముందు చతికిలబడి ఉంది. పిల్లలు నాలుగు, పుట్టి ఇరవై ఎనిమిది రోజులు. మూడు మెల్లిగా దేకుతున్నాయి. నాలుగోది, అన్నిటికన్నా చిన్నది, లేవడం లేదు. కడుపు చూస్తే డోలులా ఉబ్బింది, వీపు మీద మాత్రం ఎముకలు తగులుతున్నాయి. చెవుల్లో గోమార్లు నానిన సెనగల్లా వేలాడుతున్నాయి. నిన్నటి నుంచి పీకి ఉప్పునీళ్ల గ్లాసులో వేస్తూనే ఉంది, పొద్దునకి మళ్లీ పట్టాయి. బొటనవేలితో పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు ఉన్నాయి.

"ఏవండీ, ఇదేంటో నీరసంగా ఉంది," అంది.

గున్నేశ్వరరావు స్కూటర్ తుడుచుకుంటూ వంగి చూశాడు. "గోమార్లు తాగేస్తున్నాయి, అంతే. పన్నెండింటికి షాపు నుంచి పేను మందు తెచ్చి, బకెట్టు నీళ్లలో కలిపి నాలుగింటినీ ముంచి తీస్తాను. సాయంత్రం అయిదింటికి రమేష్ బాబుగారు వస్తున్నారు. జంగారెడ్డిగూడెం నుంచి అంత దూరం వచ్చి, చేతిలో పెట్టగానే గోమారి పాకితే బాగుండదు కదా."

రమేష్ బాబుకి అక్కడ పామాయిల్ తోటలు, ఇటు పక్క రెండు చేపల చెరువులు ఉన్నాయి. పేను మందంటే ఆ చెరువుల్లో చల్లేది. చేపల ఒంటికి అతుక్కుని రక్తం తాగే పురుగుని చెరువుల వాళ్లు పేను అంటారు.

"అది ఎకరాల లెక్కన పోసేది కదండీ."

"అందుకే ఒక్క మూత అంటున్నాను. చేపకి పేనైనా కుక్కకి గోమారైనా తాగేది రక్తమే. చేపలు చస్తున్నాయా? పోయినసారీ అలాగే కడిగి పంపాం. ఏమైంది?"

ఏమైందో రాజరాజేశ్వరికి తెలుసు. మాఘమాసంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర రమేష్ బాబు భార్య సూర్యకళ ఆవిడ చెవిలో చెప్పింది. తీసుకెళ్లిన పిల్ల అయిదో రోజునే పోయిందట. ఒళ్లంతా వణికి, నోట నురగ కక్కి పోయిందట. "బాబాయిగారికి చెప్పకండి, బాధపడతారు," అని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత రాజరాజేశ్వరి మనసాగక ఇంకో రెండిళ్లకి ఫోన్ చేసింది. అక్కడా అదే మాట, అదే మొహమాటం. అయిదు పిల్లల్లో మూడు పోయాయి. ఆ మాట నోట్లోనే అట్టేపెట్టుకుంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది. ఈలోగా స్కూటర్ వీధి మలుపు తిరిగిపోయింది.

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పన్నెండు దాకా ఉంటే ఆయన కడుగుతాడు. కడిగితే ఈ చిన్నది ఆ బకెట్టులోనే పోతుంది. రాజరాజేశ్వరి లేచింది. పొయ్యి కట్టేసింది, తలుపు తాళం వేసింది, తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోయి మళ్లీ వెతుక్కుంది. పూలు తెచ్చే వెదురుబుట్టలో పాత చీర పరిచి నాలుగింటినీ సర్దింది. వీధి చివర ఆటో చినబాబుని కేకేసింది.

బంగారి ఊరుకుంటుందా? ఆటో కదలగానే వెనకాల పరిగెత్తడం మొదలుపెట్టింది. పాలతో బరువెక్కిన పొదుగు వేలాడుతుంటే అది పడుతున్న ఆయాసం చూడలేక ఆపించింది. అది ఎక్కి బుట్టలో మూతి పెట్టి కూచుంది.

"పశువులాస్పత్రికేనాండీ? ఎంతసేపండి, పది నిమిషాల్లో ఎల్లిపోతాం," అన్నాడు చినబాబు.

ఆ పది నిమిషాలూ ఆవిడకి పది గంటలు. కాలవ గట్టు మీద గతుకు వచ్చినప్పుడల్లా చిన్నదాని తల ఒక పక్కకి వాలిపోతోంది. చెయ్యి వేస్తే డొక్క ఎగరడం తెలుస్తోంది, ఒక్కోసారి తెలియడం లేదు. తెలియనప్పుడల్లా ఆవిడ ఊపిరి కూడా ఆగుతోంది. వాసవాంబకి మొక్కుకుంది. కుక్కపిల్ల కోసం మొక్కితే అమ్మవారు ఏమనుకుంటుందో అని ఒక్క క్షణం సిగ్గుపడి, మళ్లీ గట్టిగా మొక్కుకుంది. ఫోన్ మోగింది. ఆయనే. ఎత్తలేదు.

ఆస్పత్రిలో వాళ్లకన్నా ముందు ఒక గేదె ఉంది. ఈనలేక అవస్థ పడుతోంది. దాన్ని కాదని తన బుట్ట ముందు చూడమని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? స్తంభానికి ఆనుకుని నిలబడి, అరక్షణానికోసారి పెదవి ఎత్తి చూసుకుంటూ ముప్పావుగంట గడిపింది.

డాక్టర్ దేవిశ్రీ వయసులో చిన్నదే. చిన్నదాన్ని అరచేతిలోకి తీసుకుని కనురెప్ప విప్పి చూసింది, కడుపు నొక్కి చూసింది.

"ఒంట్లో రక్తం లేదండి. బయట గోమార్లు, లోపల పురుగులు, రెండూ కలిసి తాగేశాయి. పుట్టిన రెండు వారాలకే పురుగుల మందు పడాలి. వేయించారా?"

"ఇంత పసివాటికి పురుగులెక్కడివమ్మా? తల్లిపాలు తప్ప ఏమీ ఎరగవు."

"ఆ పాలల్లోంచే వస్తాయండి. తల్లికి మందు పడి ఉండదు, దాని ఒంట్లోవే వీటికి చేరాయి. ఒంటికి ఏమైనా రాశారా?"

"ఇప్పుడు లేదు. పోయినసారి పిల్లలకి... చెరువు పేను మందు కలిపిన నీళ్లతో కడిగాం."

డాక్టర్ చెయ్యి ఆగింది. "ఎన్ని పోయాయి?"

"మూడు," అంది రాజరాజేశ్వరి. ఆ అంకె పైకి అనడం అదే మొదటిసారి. అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టర్ ఒక్కోదాన్ని తూచి, తూకానికి తగ్గట్టు మందు చుక్కలు నోట్లో వేసింది. గోమార్లని పట్టకారుతో పీకించింది, చిన్నదానికి సూది వేసింది. బంగారికీ మందు ఇచ్చింది. తర్వాత నాలుగింటినీ వెల్లకిలా తిప్పి బొడ్డు దగ్గర వేలు పెట్టింది.

"నాలుగింటికీ ఇక్కడ ఉబ్బు ఉంది, చూడండి. ఇది చాలావరకు వంశంలోంచి వస్తుంది. తండ్రి ఎక్కడిదండీ?"

సంబంధాలకి వచ్చిన ప్రతివాళ్లనీ తను అడిగే ప్రశ్న అది. రాజా ధవళేశ్వరం ఎలా చేరాడో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అక్కడికక్కడే ధవళేశ్వరానికి ఫోన్ కలిపింది.

"అన్నయ్యగారూ, మీ రాజాని ఎక్కడి నుంచి తెచ్చారు?"

"అదేంటి చెల్లెమ్మా, తెలియనట్టు అడుగుతావు," అన్నాడు జానకిరామ్ హుషారుగా. "రాజమండ్రిలో ఒకే బుట్టలోంచి నేనొకటీ, బావగారొకటీ తీసుకున్నాం కదా. మా రాజా, మీ బంగారి, ఒక్క కాన్పే."

ఊరికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. దూరపు చుట్టరికంలో గోత్రం కలిసిందని ఎన్ని మంచి సంబంధాలు వెనక్కి తిప్పింది! తన గుమ్మంలో ఒక కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్లకి నాలుగు కాన్పులు చేయించింది. ఫోన్ పెట్టేసి ఆవిడ బంగారి తల మీద చెయ్యి వేసింది.

"ఈ చిన్నది ఈ రోజు గడవాలండి," అంది డాక్టర్. "గంటకోసారి పాలు పట్టండి. చిగుళ్లు చూస్తూ ఉండండి. ఎనిమిది వారాల లోపు ఏ పిల్లనీ ఇంట్లోంచి పంపకండి. ఇవి పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేసేద్దాం. ఇక కడుపులు వద్దు."

ఇంటికొచ్చేసరికి గున్నేశ్వరరావు పెరట్లో ఉన్నాడు. అప్పటికే బకెట్టులో మందు కలిపాడు. నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఎక్కడికి పోయావు? ఫోన్ ఎత్తవేంటి?" అంటున్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. ఎండలో నాలుక వేలాడేసుకుని వచ్చిన బంగారి తిన్నగా బకెట్టు దగ్గరికి పోయింది.

"ఏవండీ, బకెట్టు," అంది రాజరాజేశ్వరి.

ఆయన ఒక్క ఉదుటున బకెట్టు ఎత్తి భుజం మీదికి లేపేశాడు. బంగారి మూతి గాల్లో ఆగింది. "ఛీ, తాగితే చస్తావే," అని దాన్ని మోకాలితో నెట్టాడు.

ఆవిడ బుట్టని రెండు చేతులా పట్టుకుని ఆయనకేసి చూసింది.

"ఇంత కుక్క చస్తుందని మీకే తెలుసు. మరి ఇవి అరచెయ్యంత లేవు."

"తాగడం వేరు, కడగడం వేరు. షాపు విషయంలో నువ్వు..."

"ఇది సంబంధం విషయమండి. సంబంధాలు నావి. రాజా, బంగారి ఒక్క కాన్పు పిల్లలు. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకో సంగతి. పోయినసారి మనం కడిగి పంపినవాటిలో మూడు పోయాయి."

గున్నేశ్వరరావు బకెట్టు దించలేదు. దించుదామంటే కింద బంగారి ఉంది. పారబోయడానికి చోటు లేదు. మిగిలిన మందుని కాలవలో పోయకండని రోజూ పదిమందికి చెప్పే మనిషి. అలాగే మోసుకుని మేడ మీదికి వెళ్లి, మూత పెట్టి, తలుపు గడియ వేసి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూచుని రమేష్ బాబుకి ఫోన్ చేశాడు.

"ఈ రోజు రాకండి. పిల్లలకి ఒంట్లో బాగాలేదు... అది సరే, పోయినసారి ఇచ్చిన పిల్ల ఎలా ఉంది?"

అవతల నుంచి ఏదో వినబడింది. ఆయన "ఊఁ" అన్నాడు, మళ్లీ "ఊఁ" అన్నాడు, ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మాఘం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

రాజరాజేశ్వరి దూదిని పాలలో ముంచి చిన్నదాని నోట్లో పిండుతోంది. సగం లోపలికి పోతోంది, సగం కారిపోతోంది.

"షాపు విషయం అనుకున్నానండి," అంది.

ఇంత బతుకూ బతికినా, ఇంట్లోనే ఇద్దరి మధ్య పిల్లలు ఇలా జారిపోయాయి. తన తప్పు ఆయన తప్పుకన్నా చిన్నదేమీ కాదని ఆవిడకి తెలుసు. ఆయనకి తెలియక జరిగింది. తనకి తెలిసీ జరగబోయింది.

మధ్యాహ్నం ఆయన షాపుకి వెళ్లలేదు. కళ్లజోడు పెట్టుకుని మిగిలిన మూడింటి చెవుల్లో ఇంకేమైనా మిగిలాయా అని వెతికాడు. గంట కొట్టినప్పుడల్లా పాలగిన్నె వెచ్చబెట్టి తెచ్చాడు. సందెదీపం వేళకి వచ్చి పెట్టె పక్కన నేల మీద చతికిలబడి, మొదటిసారిగా చిన్నదాని పెదవిని బొటనవేలితో ఎత్తాడు. రోజంతా బస్తాలు మోసే ఆ మొరటు వేలు ఎంత మెల్లిగా కదిలిందో.

"ఎర్రబడిందా?" అని అడిగాడు.

ఆవిడ దీపం దగ్గరికి జరిపింది. ఇద్దరూ వంగి చూశారు.

"ఇంకా లేదండి. తెల్లగానే ఉంది."

"ఊపిరి ఉంది కదా?"

"ఉంది."

"అయితే పాలు వెచ్చబెట్టుకొస్తాను," అని ఆయన లేచాడు.