మూడో తిమింగలం పన్ను

మగడి తరపు పెద్దలు తిమింగలం పన్ను పట్టుకొచ్చి అన్న ఎదుట మోకరిల్లే వేళకి టొరికా వంటింట్లో ఉంది. కట్టు కట్టిన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తోంది. ఆ చెయ్యి విరగ్గొట్టిన మగడు కిటియోనే వాళ్ల వెనకాల తలవంచుకుని కూర్చున్నాడు. తలవంచడం అతనికి బాగా అలవాటే. ఇది మూడోసారి.

ఫిజీలో ఈ క్షమాపణ తంతుకు పేరే పూడ్చిపెట్టడం. పన్ను అందుకుంటే గొడవ మట్టిలో కలిసినట్టే, ఇక ఎవరూ ఎత్తకూడదు. కిటియోనే పెదనాన్న కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. అన్న అపెనిసా రెండు చేతులా పన్ను అందుకున్నాడు. అందరూ చప్పట్లు చరిచి, వేళ్లు నూరి కలిపిన యాంగోనా కొబ్బరిచిప్పలతో తాగారు. దెబ్బలు తిన్నదాన్ని ఓ మాట అడిగే పద్ధతి అందులో లేదు, ఎవరూ అడగలేదు కూడా.

శుక్రవారం ఆసుపత్రి నుంచి నేరుగా ఠాణాకు వెళ్తే, సోమవారం వచ్చి ఫిర్యాదు రాయించమన్నాడు సార్జెంటు ఇలైతియా. ఈ ఆదివారం ఆయనా ఆ చాపమీదే కూర్చుని రెండు చిప్పలు తాగాడు. టొరికా వంటింటి గుమ్మంలోంచి అది చూసింది.

వాళ్లు వెళ్లాక, రేపు ఠాణాకు వెళ్తానని అన్నతో చెప్పింది.

"అయిపోయిందమ్మా. పన్ను తీసుకున్నాం కదా. ఇప్పుడు నువ్వెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నా మొహం చూశావా అన్నయ్యా?"

అపెనిసా గోడకేసి చూశాడు. అక్కడ మేకులకు మూడు పళ్లు వేలాడుతున్నాయి. మొదటిది ఆమె ముందుపళ్లు రెండు ఊడినప్పటిది. రెండోది కడుపు పోయినప్పటిది. మూడోదాని తాడు ఇంకా కొత్తగా ఉంది. మంగళవారం ఆమెను కిటియోనే ఇంట్లో దిగబెట్టి రావాలని మగవాళ్లు అప్పుడే తేల్చేశారు. ఫిర్యాదు రాయించగలిగితేనే ఆ ప్రయాణం ఆగుతుంది.

సోమవారం అన్న చేనుకు వెళ్లగానే మూడు పళ్లూ సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఠాణాలో సార్జెంటు ముందు నేలమీద కూర్చుని వాటిని ఒంటిచేత్తో పైకెత్తింది. పన్ను అందుకున్నవాడు అడిగింది కాదనకూడదు. అదే కదా వీళ్ల మర్యాద.

"మీ పద్ధతిలోనే అడుగుతున్నాను బాబాయ్. నా ఫిర్యాదు రాసుకోండి."

ఇలైతియా చేతులు అలవాటుకొద్దీ ముందుకొచ్చి, అంతలోనే వెనక్కి పోయాయి. ఆడవాళ్లు వీటిని తేకూడదన్నాడు. ఇవి మీ అన్నవి కదూ, ఆయనకు తెలుసా అన్నాడు. బెంచీమీద కూర్చోమని ఎవరికో ఫోను చేశాడు.

అరగంటకు అపెనిసా రొప్పుతూ వచ్చాడు. ఇద్దరూ బయట నిలబడి మాట్లాడుకున్నారు. లోపలికొచ్చి సార్జెంటు కళ్లజోడు పెట్టుకున్నాడు, ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు. టొరికాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పుస్తకం తనకోసం తెరవడం ఇదే మొదటిసారి. పేరు అడిగాడు, చెప్పింది. ఊరు అడిగాడు, చెప్పింది.

"పోయిన వస్తువులు?" అంటూ ఆయన అపెనిసా వైపు తిరిగాడు.

"మూడు పళ్లు," అన్నాడు అన్న, ఆమెకేసి చూడకుండా.