నూటెనిమిది కాదు, ఐదు

కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంటాను. పిలక వదిలేసి మిగతా పీచంతా కత్తితో గీరి లాగెయ్యాలి. పిలక ఊడిన కాయని భక్తులు గుడి మెట్ల దాకా పట్టుకెళ్ళి మళ్ళీ వెనక్కి తెచ్చేస్తారు. పీచు లాగుతూ కనుబొమలు గట్టిగా పైకెత్తుతాను, బుగ్గలు పూరిస్తాను, ‘ఈ’ అని పళ్ళు బయటపెడతాను. కాయకి ఒకసారి, నూటెనిమిది కాయలకి నూటెనిమిది సార్లు. నాలుగు నెలలుగా రోజూ ఇదే.

దసరా వెళ్ళిన వారంలో ఒక పొద్దున్న, పుక్కిలించిన నీళ్ళు ఎడమ మూల నుంచి జాకెట్టు మీదకి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. సూర్యభగవానుడి పన్నెండు పేర్లూ చదువుకోబోతే మొదటి ‘మిత్రాయ’ దగ్గరే పెదాలు కలవలేదు, గాలి పోయింది. భానవే, పూష్ణే కూడా అంతే. ‘అరసవల్లిలో పుట్టి, స్వామి ఎదురుగా కొట్టు పెట్టుకుని, నీకే మూతి వంకరపోనాదంటే ఏటి తప్పు సేసినావో గుర్తు తెచ్చుకో’ అంది మా అత్త దాలమ్మ. ఆవిడ నాకు సొంత మేనత్త కూడాను, అందుకే మా ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఆ రాత్రి పడుకుని నిజంగానే తప్పులు వెతుక్కున్నాను. దొరక్కపోతే అదో తప్పేమో అనిపించింది.

డాక్టరు మాత్రలిచ్చి, ముఖం నరం బలహీనపడింది, వ్యాయామం నేర్చుకోవాలని ఫిజియోథెరపీకి పంపాడు. శ్రీకాకుళం టౌన్‌లో షీబా అనే అమ్మాయి దగ్గరికి మూడు రోజులు వెళ్ళాను. నాలుగో రోజు మా బావ మురళీమోహన్ గల్లాపెట్టె దగ్గర నుంచే, ‘మూతి తిప్పడం నేర్సుకోడానికి ఆటో ఎందుకే? అది నీకు పుట్టుకతో వచ్చిందే కదేటి!’ అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కుడి సగంతో. ఆ తర్వాత వెళ్ళలేదు. నేర్చుకున్నదాన్నే మొక్కుగా పెట్టుకున్నాను. స్వామికి మొక్కేటప్పుడు ఐదూ పదీ ఏం బాగుంటుందని నూటెనిమిది అనుకున్నాను. అద్దం చూసుకుంటూ చెయ్యమంది షీబా. ఇంట్లో ఉన్న ఒక్క అద్దం బావ గడ్డం గీసుకునేంత ఎత్తులో ఉంటుంది. పైగా దాని ముందు నిలబడితే, ‘ఈ వయసులో సోకేటే’ అంటుంది అత్త. కొట్లో వేలాడే చిన్న అద్దాలు అమ్మకానివి, వాటిని ముట్టుకోవాలని తోచనే లేదు. అందుకని కాయల్ని చూస్తూ చేశాను.

సంక్రాంతి నాటికి పెదవి కదిలింది. సంబరపడి మళ్ళీ ముందు కూర్చుని కాయలమ్మడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం రాజాం నుంచి వచ్చిన పిల్లలెవరో చిల్లర తీసుకుని నవ్వితే నేనూ నవ్వాను. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పరుగెత్తారు. ‘ఒసే ఝాన్సీ! జనానికి కన్ను కొడతన్నావేటే?’ అన్నాడు బావ. నేను నవ్వితే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటోందట. నాకు తెలీదు, అద్దం చూసుకోలేదు కదా. ‘ముందుకు రాకు, లోపల కూకో’ అన్నాడు. పదిహేనేళ్ళు ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న దాన్ని. ముఖం మారింది గాని చేతులు మారలేదు కాబట్టి, పీచు పని మాత్రం నాకే ఉంచారు.

రథసప్తమికి ముందురోజు, పూల బుట్ట తెస్తానని చెప్పి షీబా దగ్గరికి వెళ్ళాను. నవ్వమంది. నవ్వాను. పెన్ను కింద పెట్టేసింది.

“అక్కా, ఎన్నేసి సార్లు సేస్తన్నావు?”

“నూటెనిమిది.”

“నాను ఐదే కదా సెప్పాను!”

“స్వామి లెక్కమ్మా.”

షీబా మెళ్ళో సిలువ ఉంది. ఏమైనా అంటుందేమో అనుకున్నాను. “మీ స్వామికి కోపమొస్తే నా పేరు సెప్పుకో” అంది. తర్వాత నెమ్మదిగా వివరించింది. నరం తిరిగి పెరిగేటప్పుడు బలవంతంగా లాగితే, పెదవికీ కంటికీ ముడి పడిపోయి ఒకటి కదిలితే రెండోదీ కదులుతుందట. “సిన్నగా సెయ్యాలి. ఇంకోటి, నీ కుడి పక్క బలమైంది. ఎడమది కదిలే లోపలే పనంతా అదే లాగేసుకుంటాది. దాని మీద సెయ్యి పెట్టి ఆపు. అది ఆగితేనే ఇది నేర్సుకుంటాది. పూటకి పది నిమిషాలు. అద్దం ముందు, ఎలుగులో కూకుని. ఆ పది నిమిషాలూ ఇంకే పనీ సెయ్యకు.”

“ఇలాగే చేసుకుపోతే?”

“కన్ను అలగే ఉండిపోవచ్చక్కా.”

ఆటోలో ఒళ్ళో పూల బుట్టతో కూర్చుని అదే ఆలోచించాను. పూటకి పది నిమిషాలు కూర్చోవడం. నూటెనిమిది సార్లు చెయ్యమంటే చేసేస్తాను గాని, అది ఎలా? స్వామీ, నూటెనిమిది నువ్వడిగావా? తక్కువ చెయ్యడం నాకే చేతకాదా? నీకూ సెలవు లేదు, నిజమే. కానీ తూర్పున పొడిచేసరికి నీకందరూ దణ్ణం పెడతారు, పీచు తియ్యమని ఎవరూ అనరు.

రథసప్తమి పొద్దున్న ఎనిమిదింటికి వీధంతా జనం. లోపలి గది చీకటి. అమ్మకానికి వేలాడదీసిన చిన్న అద్దాల్లోంచి ఒకటి విప్పి, కొట్టు ముందు బల్ల మీద ఎండలో కూర్చున్నాను. చాలా రోజులకి నా ముఖం మొత్తం చూశాను. మెల్లగా, చాలా చిన్నగా, పెదవి అంచు కదిపాను. ఒకటి. కన్ను కొంచెం వణికింది గాని మూసుకోలేదు.

“కాయలేవే?” బావ గొంతు. “జనం నిలబడిపోనారు!”

“పండగ పూట వీధిలో అద్దమేటే? పరమాన్నం పొయ్యి మీదెట్టావా?” అత్త.

రెండు.

నా కాళ్ళు అప్పటికే లేవబోతున్నాయి. వాళ్ళ మాట పూర్తయ్యే లోపలే లేవడం వాటికి అలవాటు. ఈ ఇంట్లో ఎవరికీ పీచు తియ్యడం ఎందుకు రాలేదో, పొయ్యి వెలిగించడం ఎందుకు రాలేదో, నాకు ఆ ఎండలో కూర్చున్నప్పుడు తెలిసింది. జనం చూస్తున్నారు.

“కత్తి గుమ్మం పక్కనే ఉంది బావా. పిలక మాత్రం ఉంచు” అన్నాను.

కుడి చెంప మీద అరచెయ్యి ఆనించి, మూడోది మొదలుపెట్టాను.