ముందు బుట్ట కట్టిన సైకిలు

ఆదివారం పొద్దున్నే లిడియా పెరట్లో కూర్చుని కొరమీనుకి బూడిద రాసి పొలుసు తీస్తోంది. వీధి వాకిట్లోంచి భర్త వెస్లీ కేకేశాడు. "లిడియా, ఒక్కసారి ఇలా రా, చూద్దువుగాని!"

టైరు మార్పిద్దామని ఆమె ఇంటికి తెచ్చిన పందేల ట్రాక్ సైకిలుకి బ్రేకులు పెట్టించాడు. వెనక క్యారియరు, ముందు కూరగాయల బుట్ట. వెనక చక్రం కూడా మార్పించాడట. "ఇక తొక్కడం ఆపినా అదే పోతుంది. ఏలూరంతా హాయిగా తిరిగి బజారు చేసుకు రావచ్చు. నువ్వు నేర్పే ఆ పిల్లలకి పాతదేదైనా చూద్దాంలే." వెస్లీ చెడ్డవాడు కాదు, ముచ్చటపడ్డాడు. వచ్చిన చిక్కల్లా అదే.

లిడియాకి కాసేపు ఎదురుగా ఉన్నదేదీ కనిపించలేదు. ఆ సైకిలుకి బ్రేకులుండవు, చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. పెళ్ళికి ముందు పోటీల్లో, గోడలా వాలిన ట్రాక్ మీద వేగం అందుకునేకొద్దీ జనం చెరిగిపోయేవారు, చప్పుడు చెరిగిపోయేది, కొల్లేటి మీద తెల్లారుతున్నట్టు ఒక్క వెలుగు మిగిలేది. ఆ వెలుగులో ఆమె ఎవరి కోడలూ కాదు. రాష్ట్రానికి పతకం తెచ్చిన ఆ కాళ్ళే పదేళ్ళుగా ఈ ఇంట్లో పొయ్యికీ పెరటికీ మధ్య తిరుగుతున్నాయి. "మా కోడలిది ఏజెన్సీ గూడెమైనా, చూస్తే అలా అనిపించదండీ," అని అత్తగారు రూతమ్మ దగ్గరి చుట్టాల ముందు మెచ్చుకుంటే నవ్వి ఊరుకుంది కూడాను.

ఫోన్ మోగింది. బుట్టాయగూడెం అవతల తన పుట్టినూరైన కోయగూడెంలో ఆమె సైకిలు నేర్పుతున్న పిల్లల్లో పెద్దది, నాగదుర్గ. మూడు నెలలుగా ఈ సైకిలు మీదే సాధన చేస్తోంది. "అక్కా, ఎల్లుండే కదా పోటీ. సైకిలు తెస్తున్నావా?"

"బయల్దేరుతున్నానే."

పానా తెచ్చి వాకిట్లో చతికిలబడింది. బుట్ట, క్యారియరు, బ్రేకులు ఒక్కొక్కటే ఊడాయి. పాత చక్రం ఏదంటే వెస్లీయే తెచ్చిచ్చాడు; కొత్త టైరెక్కించి బిగించింది.

"నీకోసమేగా చేయించింది," అన్నాడు చిన్నబుచ్చుకుని.

"నన్నడిగారా అండీ?"

వెస్లీ ఊడిన బ్రేకుల్ని ఏరి బుట్టలో వేశాడు. గుమ్మంలోంచి రూతమ్మ అంది: "వెళ్తే వెళ్ళు గానీ, ఎవరడిగినా పుట్టిల్లు జంగారెడ్డిగూడెం టౌననే చెప్పమ్మా. ఎప్పుడూ చెప్పేదేగా."

ఎప్పుడూ చెప్పేదే. చెప్పిన ప్రతిసారీ లిడియాకి తల్లి మొహం గుర్తొచ్చేది.

గేటు దగ్గర పక్కింటి వెంకటనరసమ్మగారు ఎదురయ్యారు. "ఆదివారం పూట సైకిలేసుకుని ఎక్కడికమ్మా?"

"మా ఊరికండీ పిన్నిగారూ, కోయగూడెం," లోపలున్న అత్తగారికి కూడా వినపడేలా అంది లిడియా. "మేం కోయవాళ్ళమండీ. మా పిల్లలకి సైకిలు నేర్పుతున్నాను. ఇక నుంచి ప్రతి ఆదివారం అక్కడే ఉంటాను."