ఏనుగుల చెలమ

మా మామ పోతూ పోతూ మా అత్తకు వదిలి వెళ్ళింది ఒక్కటే, ఏటి ఇసుకలో ఒక చెలమ. మా సంబురు తెగవాళ్ళకు చెలమంటే మాటలు కాదు. మొదట ఎవరు తవ్వితే అది వాళ్ళ వంశానిదే. ఒక ఎండాకాలం దిగి తవ్వకుండా వదిలేశామా, పక్క వంశం వాళ్ళు వచ్చి దిగినా నోరెత్తే హక్కుండదు. అందుకే ఆ ఏడు నీటిచుక్క ఊరకపోయినా మా అత్త నోలారి దాన్ని పట్టుకునే వేలాడింది.

వానలు వరసగా మొహం చాటేశాయి. మగవాళ్ళు బతికున్న ఆవుల్ని తోలుకుని న్యిరో కొండెక్కారు. గుడిసెల దగ్గర మిగిలింది అత్త, నేను, ఇంకా నడక రాని నా కూతురు సియాన్. నా రొమ్ములో పాలు ఎండిపోయాయి. పిల్ల పెదాలు పగిలాయి, మాడు గుంటపడింది. ఇవాళ నీళ్ళు పడకపోతే పిల్ల దక్కదని నాకు తెలుసు.

పొద్దున్నే అత్త గోతిలోకి దిగి ఇసుక ఎత్తి ఇస్తోంది, నేను పైన పారబోస్తున్నాను. గొయ్యి మనిషి లోతు దాటింది. కింద కూడా పొడి ఇసుకే. అప్పుడే ఏనుగులు ఏట్లోకి దిగాయి. ముందున్న ముసలి ఏనుగు ఒకచోట కాలితో గీరింది, తొండం పెట్టి వాసన చూసింది, వదిలేసింది. ఇంకాస్త దూరం పోయి మళ్ళీ గీరింది. అక్కడా వదిలేసింది.

అత్త గోతిలోని మెట్టెక్కి, అంచు పైకి తల తెచ్చి చూసి నవ్వింది. "చూడవే దాన్ని, కాలు ఒకచోట నిలవదు. అచ్చం నీలాగే."

"నిలకడ లేక కాదత్తా. లేనిచోట లేదని తెలిసి పోతోంది. మనమూ పోదాం."

"ఎక్కడికే పోయేది? నీ మామ నడుం విరగ్గొట్టుకుని తవ్విన చెలమ. వదిలేస్తే రేపే వచ్చి కూర్చుంటారు ఆ లెకిర్మా వంశం వాళ్ళు!"

ఏనుగులు వెళ్ళి వెళ్ళి ఏటి వంపులో, బండ కింద ఆగాయి. ఈసారి ముసలిది వదల్లేదు. తవ్వుతూనే ఉంది.

"అత్తా, నీళ్ళు తగిలాయి! లే, పోదాం."

"అది లెకిర్మా వాళ్ళ వంపు. వాళ్ళ ఇసుకలో దొంగలా నీళ్ళు ముంచుకోమంటావా? సిగ్గు లేదూ?"

"తవ్వింది ఏనుగులు. ఏనుగులు మన చుట్టాలని చెప్పేది నువ్వే కదా. చుట్టాలింట్లో తాగితే తప్పా?"

"లోకమంతా నవ్వుతుందే పిల్లా."

"నవ్వనీ! నా పిల్ల పోయాక ఎవరు నవ్వితే నాకేంటి, ఎవరు ఏడిస్తే నాకేంటి?" అని పిల్లను వీపున కట్టుకుని, సొరబుర్ర తీసుకుని లేచాను. "ఒక్కదానివే లోపల ఉండకు, పైకి రా," అని మరీ చెప్పాను. అత్త వంగి మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది. ఆ మొండితనం చూస్తే ఒళ్ళు మండింది, విసవిసా నడిచి వచ్చేశాను.

గాలి నా వాసనను ఏనుగుల వైపు మోసుకుపోకుండా చూసుకుని, రాళ్ళ చాటున కూర్చున్నాను. ముసలి ఏనుగు మొదట ఊరిన బురద పీల్చి బయట చిమ్మేసింది. మళ్ళీ ఊరేదాకా కదలకుండా నిలబడింది. నీళ్ళు తేటపడ్డాక పిల్ల ఏనుగును ముందుకు తోసింది. దాని తర్వాత మిగతావి. నేను లోపల్లోపల తిట్టుకుంటున్నాను, అంతలోనే దండం పెడుతున్నాను. ఇంక చాలు తల్లీ, కాస్త మిగల్చు తల్లీ అని. వీపు మీద సియాన్ ఏడవడం కూడా మానేసింది.

అవి కదిలి గట్టెక్కేసరికి నేను గోతి దగ్గర మోకాళ్ళ మీద పడ్డాను. అడుగున బురదే ఉంది. ఆత్రంగా బుర్ర ముంచబోయి ఆగాను. ఆ ముసలి ఏనుగును చూసే నేర్చుకున్నాను కదా, ముందు బురద తోడేశాను. ఊరేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. తేటనీళ్ళు వచ్చాక గుడ్డ కొస తడిపి పిల్ల నోట్లో పిండాను. నీళ్ళు పెదాల పక్కనుంచి కారిపోయాయి.

"మింగవే! మింగు నా తల్లీ, నీ కాళ్ళు మొక్కుతాను," అంటూ అరికాళ్ళ మీద కొట్టాను. మళ్ళీ పిండాను. చివరికి గొంతు కదిలింది. ఇంకోసారి కదిలింది. నేను పెద్దగా ఏడ్చేశాను.

బుర్ర నింపుకుని, పిల్లను గుండెకు హత్తుకుని, "అత్తా, నీళ్ళు!" అని దూరం నుంచే కేకేస్తూ వచ్చాను. గొయ్యి లేదు. గట్లు నాలుగువైపులా విరిగిపడి, ఆ చోట ఇసుక పళ్ళెంలా దిగబడి ఉంది.

పిల్లను నేల మీద పెట్టి చేతులతో తవ్వాను. గోళ్ళు ఊడి వచ్చాయి. తవ్విన కొద్దీ ఇసుక జారి పడుతోంది. ముందు చెయ్యి దొరికింది, చాలాసేపటికి ముఖం దొరికింది. నోట్లో ఇసుక వేలితో తీసి, "తాగత్తా, తియ్యటి నీళ్ళు, తాగు," అంటూ బుర్ర వంచాను. కారిపోయాయి. చెంపల మీద కొట్టి మళ్ళీ వంచాను. మళ్ళీ కారిపోయాయి.

మూడోసారి వంచబోతే వెనక నుంచి సియాన్ మూలిగింది. బుర్ర ఊపి చూశాను. మిగిలింది అడుగున కొంచెమే. అది నా పిల్లది. అత్త ముఖం చూడలేక కళ్ళు మూసుకుని, మూత బిగించేశాను.