విప్పని మూట

తాగుడు అలవాటు లేని మనిషికి కాలేయం ఎలా చెడిపోతుంది? ఈ సందేహం నన్ను చాలా ఏళ్ళు పట్టుకుని వదల్లేదు. మా అక్క భర్త, మా బావ, కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, అయినవాళ్ళు కూడా గుర్తుపట్టలేని స్థితిలో పోయాడు. పరామర్శకు వచ్చిన మా లాండ్రీ కాంట్రాక్టరు మా వాకిట్లో నిలబడి, తాగకపోతే ఇలా అవుతుందా అని నలుగురూ వినేట్టు అన్నాడు. బావ టీ తప్ప ఏదీ ముట్టని మనిషి. అయినా మా అక్క ఆ రోజు నోరెత్తలేదు, మేమూ ఎత్తలేదు. నేను రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని గాని గడప దాటను. దండంతో పాటు ఈ ప్రశ్న కూడా ఆయన ముందు పెట్టేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు.

జవాబు రోజూ నా చేతుల మీదుగానే పోతోందని తర్వాత తెలిసింది.

మాది ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ. బావ కూడా అక్కడే పనిచేశాడు. వ్యానులో మూటలు వస్తాయి. వాటిని బల్లల మీద వేసి విప్పి, దుప్పట్లు ఒక పక్కకి, గౌన్లు ఒక పక్కకి, తువ్వాళ్ళు ఒక పక్కకి వేరుచేయాలి. అన్నిటికీ రక్తం, చీము, మూత్రం. మడతల్లో సూదులు. వార్డులో ఎవరో హడావిడిలో మర్చిపోయినవి. కాంట్రాక్టరు ఇచ్చే పల్చటి చేతొడుగులు మొదటి మూటకే చిరిగేవి. సూది దిగితే వేలు కుళాయి కింద పెట్టి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పనిలో పడేవాళ్ళం. అదీ మాకు నవ్వులాటే. ఇవాళ సూది పడిందా అని ఒకరంటే, పడింది, డాక్టరు ఫీజు మిగిలింది అని ఇంకొకరు అనేవాళ్ళు.

నా పక్క బల్ల పెద్దక్కది. ఆమె ఎవరికీ తోడబుట్టింది కాదు, అందరికీ పెద్దక్కే. మా హాల్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి భాగం. హాల్లోకి ఏది వచ్చినా, రొట్టెముక్కయినా సరే, అక్కడున్న అందరికీ భాగం పడాలి. రెండోది బదులు. ఒకరు రాలేకపోతే ఇంకొకరు వాళ్ళ బల్ల పని చేస్తారు, తర్వాత వాళ్ళు ఆ షిఫ్టు తిరిగి చేస్తారు. మా అమ్మాయి పుట్టిన రోజు పెద్దక్క తన పని ముగించి నా బల్ల దగ్గర ఇంకో షిఫ్టు నిలబడింది. ఆ పిల్ల ఇప్పుడు వాళ్ళమ్మ చెప్పులు వేసుకుని తిరుగుతోంది. ఎప్పుడు తీర్చమంటావక్కా అని అడిగితే, ఉండనీవోయ్ తమ్ముడూ, కావలసినప్పుడు నేనే అడుగుతానులే అనేది. అడగనేలేదు.

మొదట్లో బల్ల పని చేసి, ఇప్పుడు ప్యాకింగు చేసే వదిన ఒకసారి కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. అక్కడి నర్సు ఆ కాగితం చూసి ఊరుకోలేదు. భోజనాల వేళ మా గేటు దగ్గరికి వచ్చింది. కాంట్రాక్టరు లోపలికి రానివ్వకపోతే రోడ్డు మీదే స్టూలు వేసుకుని మా అందరి రక్తం తీసుకుంది. పదకొండు మందికి హెపటైటిస్ సి తేలింది. రక్తం నుంచి రక్తానికి అంటుకునే జబ్బు ఇది, వాడిన సూది ఒక్కటి దిగినా చాలు, కాలేయంలో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా దాక్కుంటుంది అని చెప్పింది. ఇప్పుడు దీనికి మాత్రలున్నాయని, వరసగా కొన్ని వారాలు వేసుకుంటే చాలామందికి పూర్తిగా నయమవుతుందని కూడా చెప్పింది. ముందు డాక్టరు చూడాలి అని ఆమె అంటూండగానే గేటు మూయించారు.

ఆ పదకొండు మందిలో పెద్దక్క ఉంది. ఒకప్పుడు బల్ల పని చేసి, తర్వాత బాయిలరుకి మారిన ఆవిరి మావయ్య ఉన్నాడు. నేను లేను. దేవుడి దయ అనబోయి ఆగాను. అలా అంటే మిగిలినవాళ్ళ మీద ఆయనకి దయ లేదనాలి. మా బావ మీద లేదనాలి.

కొన్నాళ్ళకి కాంట్రాక్టరు మాత్రల డబ్బాలు మూడు తెచ్చి పెద్దక్క బల్ల మీద పెట్టాడు.

"నా జేబులోంచి తెచ్చాను. ఉన్నవి ఇవే, ముగ్గురికి సరిపడా. మీలో మీరు తేల్చుకోండి. ఆ నర్సు మళ్ళీ గేటు దగ్గర కనబడితే మాత్రం అందరికీ సెలవే."

నవ్వుతూనే అన్నాడు. 

బట్టలారే గదిలో కూర్చున్నాం. ఆ వేడికి గోడలు కూడా చెమట పడుతున్నాయి. చీటీలు వేద్దామని ఇస్త్రీ అన్న అన్నాడు. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇద్దామని ఒకరు, బాగా నీరసపడ్డవాళ్ళకి ఇద్దామని ఇంకొకరు. మాటా మాటా పెరిగింది. పక్కపక్కన నిలబడి పనిచేసేవాళ్ళు ఒకరి రోగాన్ని ఒకరు కొలుచుకోవడం మొదలైంది. పెద్దక్క అంతా విని, చేత్తో ఆగమంది.

"ఈ హాల్లో ఎప్పుడైనా ఒకళ్ళు తింటూంటే ఒకళ్ళు చూస్తూ కూర్చున్నారా? భాగం వేద్దాం."

ఇది రొట్టె కాదు కదా అక్కా, నర్సుని ఒక్క మాట అడుగుదాం అన్నాను. అడిగితే ఉన్నవీ పోతాయి, జబ్బు లేనివాడివి నీకేం తెలుస్తుందయ్యా అని ఇస్త్రీ అన్న కసిరాడు. పెద్దక్క ఉతికిన దుప్పటి పరిచి, మాత్రలు కుప్ప పోసి, ఎవరి భాగం వారి చేతిలో పోసింది. తన భాగంలోంచి కొన్ని తీసి మావయ్యకి ఎక్కువ వేసింది, ఆయన పెద్దవాడని.

మావయ్య గుండె లయ తప్పుతుంటే చాలా కాలంగా దానికో మాత్ర వాడుతున్నాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పాలనుకోలేదు. అది గుండెకి, ఇది కాలేయానికి అనుకున్నాడు. తర్వాతి రోజుల్లో తల తిరుగుతోందని రెండుసార్లు అన్నాడు. బాయిలరు వేడి అనుకున్నాం. ఒక మధ్యాహ్నం బాయిలరు పక్కనే కూలబడ్డాడు. పెద్దక్క పరుగెత్తి మణికట్టు పట్టుకుని, నాడి కొట్టుకోవడం మర్చిపోతోందిరా తమ్ముడూ అంది. మాసిన మూటల మీదే పడుకోబెట్టి, ఆ వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన తిరిగి రాలేదు.

వరండాలో నర్సు మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుండె లయకు వాడే ఆ మందు, ఈ మందు కలిస్తే గుండె వేగం బాగా పడిపోవచ్చని చెప్పింది. డాక్టరు ముందే అడిగి ఉంటే వేరే దారి చూసేవాడంది. మిగిలినవాళ్ళు ఆ నాలుగు మాత్రలు మింగి ఆపేస్తే జబ్బు పోకపోగా, మందుకు లొంగకుండా మొండికెత్తవచ్చంది.

"రొట్టె భాగం వేస్తే చిన్నదవుతుంది, అంతే. మందు భాగం వేస్తే అది మందే కాకుండా పోతుంది" అంది.

పెద్దక్క తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఎదురుగా మావయ్య భార్య. మేం అత్తయ్య అంటాం. ఆమె ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. 

మళ్ళీ అదే వేడి గదిలో చేరాం. చేసిన పాపం చాలు, తలవంచుకుని పని చేసుకుందాం, లేకపోతే కాంట్రాక్టరు పోలీసులకి పట్టిస్తాడు అన్నాడు ఇస్త్రీ అన్న. అవునని కొందరు తలలూపారు. పెద్దక్క వాళ్ళకి అడ్డుపడింది.

"మూడు డబ్బాలు పెట్టి, పదకొండు మందిని తేల్చుకోమన్నాడు. మిగతా ఎనిమిది ఏవిరా అని వాణ్ణి అడగాలి మనం. అడగలేదు. వాడు చేసిన కొరతని మనం భాగాలేసుకున్నాం. మావయ్య దానికి పోయాడు. ఇచ్చిన చేయి నాదే, దాన్ని దాచుకోను. కానీ ఇంకోసారి భాగం వెయ్యను."

 ఇస్త్రీ అన్నే ముందు లేచి, మూట విప్పకపోతే వాడేం చేస్తాడో చూద్దాం అన్నాడు.

విప్పలేదు. అందరికీ డాక్టరు పరీక్ష, ఒక్కొక్కరికి పూర్తి మందు, మందపాటి చేతొడుగులు, సూదులు తీసే పట్టుకారు. ఇవి వచ్చేదాకా మాసిన మూట బల్లెక్కదన్నాం. మూటలు గుమ్మం దాకా, గుమ్మం దాటి ఆవరణ దాకా పేరుకున్నాయి. వాసనకి వీధి ముక్కు మూసుకుంది. వార్డుల్లో దుప్పట్లు అయిపోయి, రోగుల బంధువులు గేటు దగ్గరికి వచ్చి మాకు శాపనార్థాలు పెట్టారు. పెద్దక్క మేం ఏరిన సూదులున్న డబ్బా తెచ్చి వాళ్ళ ముందు కుమ్మరించింది. ఇవి మీవాళ్ళ పక్కల్లోంచే వచ్చాయమ్మా, మా వేళ్ళలో దిగాయి అంది. ఒక ముసలామె ఆ కుప్పను చూసి అక్కడే మా పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొందరు కూర్చున్నారు. చివరికి ఆసుపత్రి సూపరింటెండెంటు దిగి వచ్చాడు. పరీక్షలు, మందు ఆసుపత్రిలోనే ఇస్తామన్నాడు. చేతొడుగులు తర్వాత చూద్దామన్నాడు కాంట్రాక్టరు. నవ్వలేదు ఈసారి. వార్డుల్లోనే విప్పి సూదులు ఏరి పంపిన బట్టలు ఉతికాం గాని, కట్టిన మూట మాత్రం విప్పలేదు.

నర్సు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. ఏ మాత్రలు వాడుతున్నారు, కడుపు మంటకి ఏం మింగుతున్నారు, ఎవరైనా ఆకులూ కషాయాలూ ఇచ్చారా, కడుపుతో ఉన్నారా. ఇంకో రకం కామెర్ల పరీక్ష కూడా చేశారు. అది లోపల నిద్రపోతుంటే ఈ మందుతో లేవవచ్చట. ప్యాకింగు వదినకి అది ఉందని తేలి, ముందు దాని సంగతి చూశాకే నీకు మొదలుపెడతాం అన్నారు. మిగిలినవాళ్ళకి డాక్టరు చూసి మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఒక్క రోజూ తప్పకూడదు, బాగున్నామని మధ్యలో ఆపకూడదు, కొత్త మందు ఏది వేసుకోవాల్సి వచ్చినా ముందు అడగాలి.

అప్పటి నుంచి హాల్లో ఇంకో కట్టుబాటు వచ్చింది. టీ గంట కొట్టగానే ఎవరి డబ్బాలోంచి వాళ్ళు మాత్ర తీసి, అరచేతిలో పెట్టి పక్కవాళ్ళకి చూపించి, అందరూ ఒక్కసారే మింగాలి. ఎవరూ ఎవరికీ ఒక్కటి కూడా ఇవ్వకూడదు. పంచుకోకూడదని మా హాల్లో పెట్టుకున్న నియమం అదొక్కటే.

గేటు ఎదురుగా పోలీసు వ్యాను వచ్చి ఆగడం మొదలైంది. రోజూ వచ్చేది. ఎవరూ దిగేవాళ్ళు కాదు. మాత్ర మింగేటప్పుడు అందరి కళ్ళూ దాని మీదే ఉండేవి. ఒక రోజు టీ గంటకి కాస్త ముందు దిగారు. డాక్టరు కాకుండా మందిచ్చి మావయ్య ప్రాణం తీసిందని పెద్దక్క మీద కేసు. సాక్షి కాంట్రాక్టరు. ఆమెను వ్యాను ఎక్కించి తీసుకెళ్ళారు. కొక్కానికి తగిలించిన ఆమె సంచి, అందులో డబ్బా, అక్కడే ఉండిపోయాయి.

సంచి నేను తీసుకున్నాను. యంత్రాలు ఆపి అందరం స్టేషనుకి నడిచాం. అత్తయ్యకి కబురు పెట్టకుండానే ఆమె దారిలో వచ్చి కలిసింది.

ఆమెకి మాత్ర వేళయిందంటే, మందిచ్చి మనిషిని చంపిన దానికి మళ్ళీ మందా అని వెటకారం చేశాడు ఇన్‌స్పెక్టరు. అత్తయ్య ముందుకొచ్చింది. ఆసుపత్రి వరండాలో మొదలైన మౌనాన్ని అక్కడ విడిచింది.

"చచ్చిపోయింది మా ఆయన. కేసు పెట్టాల్సింది నేను. ఏ మందులు వాడుతున్నావని ఒక్క మాట అడక్కుండా ఆ డబ్బాలు తెచ్చి పారేసినవాడు అదుగో, మీ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఈమె తన నోటి దగ్గరిది తీసి ఇచ్చింది. ముందు ఆ మాత్ర లోపలికి పంపండి బాబూ. కేసు సంగతి తర్వాత చూసుకుందాం."

మావాళ్ళు ఆవరణలో నేల మీద కూర్చున్నారు. ఎవరి డబ్బా వారు తీసి, మాత్ర అరచేతిలో పెట్టుకుని, చేయి చాపి ఉంచారు. ఎవరూ మింగలేదు. ఎవరూ అరవలేదు. ఆ చాపిన చేతులను ఇన్‌స్పెక్టరు కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.  వయసు మళ్ళిన హెడ్ కానిస్టేబులు నా చేతిలో సంచి తీసుకుని, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని, నన్ను కూడా లోపలికి రమ్మన్నాడు.

ఊచల వెనక పెద్దక్క మాత్ర అరచేతిలో పెట్టి, కట్టుబాటు ప్రకారం నాకు చూపించి మింగింది. నేను కిటికీలోంచి చెయ్యెత్తాను. బయట అందరూ మింగారు.

"తమ్ముడూ, నాకో బదులు బాకీ ఉన్నావు కదూ" అంది.

"ఉన్నానక్కా."

"రేపు పొద్దున."

మర్నాడు ఇంట్లో దండం పెట్టుకున్నప్పుడు దేవుణ్ణి ఏమీ అడగలేదు. మా బావ సంగతి నాకు తెలిసిపోయింది. వెళ్ళి పెద్దక్క బల్ల దగ్గర నిలబడ్డాను. ఆమె మందు డబ్బా పట్టుకుని ఇస్త్రీ అన్న స్టేషనుకి బయల్దేరాడు. మందపాటి చేతొడుగులు రాలేదు, పట్టుకార్లు రాలేదు. కాంట్రాక్టరు తనే ఒక మూట తెచ్చి నా ముందు వేశాడు. తడికి కింద గుడ్డ ఎర్రగా ఉంది.

"ఇప్పుడు ఆమె లేదు కదా. విప్పు."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పక్కనే నా బల్ల దగ్గర నిలబడ్డ ప్యాకింగు వదిన కూడా పెట్టుకుంది. ఆ పక్కన ఇంకొకరు. హాలంతా ఒక్క చేయి కూడా ముందుకు రాలేదు. కాంట్రాక్టరు ఫోను తీసి ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. గేటు అవతల పోలీసు వ్యాను ఇంజను స్టార్టయిన చప్పుడు వినబడింది.

షిఫ్టు గంట కొట్టేదాకా నేను ఆ బల్ల వదల్లేదు. మూట విప్పలేదు. మా అమ్మాయి పుట్టిన రోజు నుంచి పెద్దక్కకి బాకీ ఉన్న షిఫ్టు అలా తీరింది.